పరుగుల కారు కొనేముందు

మన ఇళ్ళలో కుర్రకారుకి మామూలు కారు ఆనడం లేదు. సెకండ్ హ్యాండయినా సరే, పోలో జీటీ టీఎస్ఐ లాంటిది కావాలంటున్నారు. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగిపోయింది కనుక ఇక దొరికేవన్నీ ఎవరో ఒకరు దౌడు తీయించినవే.

పరీక్షకు పొద్దున్నే వెళ్ళండి. ఇంజను ముందుగా వేడిచేసి ఉంచవద్దని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని గుట్టు బయటపడుతుంది. నీలిపొగ వస్తే ఆయిలు మండుతోందన్నమాట, టర్బోనూ అనుమానించాలి. 2013లో వచ్చిన 1.2 లీటర్ల మోడల్లో ఏడు గేర్ల డీఎస్‌జీ ఉంటుంది. దాని క్లచ్ అరిగితే ట్రాఫిక్‌లో మెల్లగా పాకేటప్పుడు కుదుపులొస్తాయి. అమ్మేవారు మాత్రం ఖాళీ రోడ్డు మీద దూకించి చూపిస్తారు!

ఇంజను కంప్యూటర్లో ప్రోగ్రామ్ మార్చి శక్తి పెంచడాన్ని రీమ్యాప్ అంటారు. అమ్మేముందు పాతది మళ్ళీ ఎక్కించేస్తే కంటికేమీ కనబడదు. అందుకే స్కానరున్న మెకానిక్‌ని మనమే తీసుకెళ్ళాలి. అతని ఫీజుకు వెనుకాడేవారు లక్షల చెక్కు మాత్రం చటుక్కున రాసేస్తారు, అదేమి లెక్కో!

ఆర్.సి.లో హైపోథికేషన్ ఉంటే బ్యాంకు ఎన్.ఓ.సి., ఫారం 35 చూడనిదే పూర్తి పైకం ఇవ్వకండి. "లోను తీరిపోయిందండీ" అన్న నోటిమాట మా కౌంటర్లో చెల్లదు. హోసూరు బండి బెంగళూరుకు తెచ్చుకునేవారు కర్ణాటక లైఫ్ ట్యాక్సు కూడా కలుపుకునే బేరమాడండి.