ఫీజు పెరిగితే చదువు పెరుగుతుందా?

ఎక్కువ డబ్బు పోస్తేనే పిల్లలకు మంచిది దొరుకుతుందన్న నమ్మకం కోనసీమలో బలంగా ఉంది. కొబ్బరి దింపు డబ్బుతోనో, గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బుతోనో పిల్లల్ని అమలాపురం, రాజోలు, కొత్తపేట కాన్వెంట్లకు వ్యాన్లలో పంపే కుటుంబాలు ఊరూరా కనిపిస్తాయి.

ఈ నమ్మకాన్ని తేల్చి చూసిన పెద్ద ప్రయోగం 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. ఐదు జిల్లాల్లో 180 ఊళ్లు తీసుకున్నారు. ఆ జిల్లాల్లో తూర్పు గోదావరి ఒకటి. కోనసీమ అప్పుడు ఆ జిల్లాలోదే, 2022లో విడిపోయింది. సర్కారు బడి పిల్లలకు లాటరీ తీసి, పేరు వచ్చినవారికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత లాటరీ తగిలినవారినీ తగలనివారినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుగులో, లెక్కల్లో తేడా కనిపించలేదు. సర్కారు ప్రాథమిక బడుల్లో చెప్పని హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఈ ఫలితాలను 2015లో ప్రచురించారు.

ఇందులో ప్రైవేటు బడులకు దక్కాల్సిన మెప్పు కూడా ఉంది. తెలుగు, లెక్కలకు అవి తక్కువ గంటలు కేటాయించినా అంతే నేర్పగలిగాయి. ఖర్చు సంగతి ఇంకా ఆశ్చర్యం. తల్లిదండ్రులు పైసా కట్టని సర్కారు బడిలో ఒక్కో బిడ్డ మీద అయ్యే ఖర్చులో మూడో వంతు కూడా ఆ ప్రైవేటు బడులు పెట్టలేదు. అంటే ఫీజు రసీదు చూసి బడి విలువ కట్టడానికి వీల్లేదు. అయితే అవి పల్లెటూరి చిన్న బడులు; నేటి కార్పొరేట్ స్కూళ్లకు ఈ ఫలితాన్ని యథాతథంగా వర్తింపజేయలేం. బిడ్డ చేత వాచకంలో ఒక పేజీ పైకి చదివించి, అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి చేయిస్తే, ఏ బడి గురించైనా బ్రోచర్ కంటే ఎక్కువే తెలుస్తుంది.

టీకాలదీ ఇదే వరస. కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బుల నుంచి కాపాడేందుకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకా ఆరోగ్య సబ్‌సెంటర్‌లో ఉచితం. ప్రైవేటు ఆసుపత్రిలో ‘నొప్పి లేని’ టీకాకు వేలల్లో అవుతుంది. దాంతో జ్వరం, వాపు తక్కువ. ఆ సుఖం నిజమే. కానీ కోరింత దగ్గు నుంచి అదిచ్చే రక్షణ, సబ్‌సెంటర్‌లో వేసే పాత రకం కంటే త్వరగా తగ్గిపోతుంది. పాత రకం వాడుతున్న దేశాలు చంటిపిల్లలకు దాన్నే కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.