హాలంటే పాలా? గదా?

బెంగళూరు: అద్దె ఇంట్లో దిగిన తెలుగువాళ్ళకు ఇక్కడ మొదటి వారంలోనే తగిలే మాట 'హాలు'. ఇంటి ఓనరమ్మ గుమ్మంలోకి వచ్చి 'హాలు ఉక్కిసిదిరా?' అంటుంది. హాలు ఊడ్చారా అని అడుగుతోందనుకుని 'ఆ, తుడిచేశామండీ' అనేస్తే ఆమె బిత్తరపోదూ మరి! ఆమె అడిగింది కొత్తింట్లో పాలు పొంగించారా అని. కన్నడంలో హాలంటే పాలు. మనకేమో ముందుగది.

ఈ రెండు హాళ్ళకూ చుట్టరికం లేదు. మన ముందుగది ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన మాట. సినిమా హాలు, ఫంక్షన్ హాలు అన్నీ ఆ కోవలోవే. కన్నడ హాలు మాత్రం అచ్చంగా మనింటి పాలే, వేషం మారిందంతే. పాత కన్నడంలో అదీ 'పాల్'. కన్నడ ఆదికవి పంప 10వ శతాబ్దంవాడు (ఆయన పూర్వీకులది మన వేంగినాడే). ఆయన నాటి కావ్యభాషలో పులి ఇంకా పులే. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళలో మాట మొదట ఉండే 'ప' మెల్లమెల్లగా 'హ' అయింది. పులి హులి అయింది, పాము హావు అయింది, పువ్వు హూవు, పండు హణ్ణు, పది హత్తు. మనమూ తమిళులూ 'ప'ను వదల్లేదు.

కాబట్టి ఇక్కడ పుట్టి పెరిగిన మనవడు 'హాలు తాగేశా అమ్మమ్మా' అంటే, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ 'వీడి తెలుగు చెడిపోయింది' అని కూతుర్ని కోప్పడక్కర్లేదు. వాడన్నది పరాయి మాట కాదు, వెయ్యేళ్ళ కింద విడిపోయిన దాయాది మాట. ఒక చిన్న కిటుకూ ఉంది. కన్నడ మాట మొదట్లోని 'హ' తీసి 'ప' పెట్టి చూడండి, చాలాసార్లు అర్థం తట్టేస్తుంది. సంస్కృతం మాటల దగ్గర మాత్రం ఇది పారదు. హృదయం హృదయమే, చిక్కబళ్ళాపురంలోని పురం పురమే.

హళ్ళి దాటితే పల్లి

ఊళ్ళ పేర్లలోనూ ఇదే తంతు. మన పల్లి వాళ్ళకు హళ్ళి. నగరంలో మారతహళ్ళి, బొమ్మనహళ్ళి. హైదరాబాద్ హైవే ఎక్కితే దేవనహళ్ళి. ఇంకా పైకి, మన సరిహద్దు వైపు పోతే బాగేపల్లి వస్తుంది. అదీ కర్ణాటకే, 2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్ళాపుర జిల్లా. కానీ జనం నోట ఎక్కువగా వినిపించేది తెలుగు, అందుకే పల్లి పల్లిగానే నిలిచింది.

పాత మైసూరు వైపు పల్లెల్లో ఆ 'హ' కూడా జారిపోతుంది. హాలు కాస్తా 'ఆలు' అవుతుంది. తెలుగులో ఆలంటే పెళ్ళాం, హిందీలో ఆలూ అంటే బంగాళాదుంప! పాలు అడిగిన మనిషికి ఏమి ఇవ్వాలో మీరే తేల్చుకోండి.

ఇంకో మెలిక ఉంది. కన్నడంలో 'పాలు' అనే మాట లేదనుకోవద్దు, ఉంది. దానర్థం వాటా. పాలుదార అంటే భాగస్తుడు. మనకూ ఆ పాలు ఉంది. పాలివాళ్ళు, పాలుపంచుకోవడం, అప్పులపాలు కావడం అన్నీ అందులోంచి వచ్చినవే. తాగే పాలు వేరు, పంచుకునే పాలు వేరు. బరో, ఎమెనో 1961లో వెలువరించిన ద్రావిడ భాషల నిఘంటువులో ఈ రెంటినీ వేర్వేరు మూలాల కిందే చూపారు.

నవ్వులాట కాని సంగతి ఇక్కడే ఉంది. కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు భూములున్న కుటుంబాల్లో 'పాలుపట్టి' అనే కాగితం ఒకటి తిరుగుతుంటుంది. పేరు చూసి పాలవాడి లెక్కల పట్టీ అనుకునేరు! అది అన్నదమ్ముల ఆస్తి పంపకాల కాగితం. ఏ సర్వే నంబరు ఎవరికి, బావి ఎవరిది, దారి ఎవరిది అన్నీ అందులోనే ఉంటాయి. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చిన ఇంటి ఆడపడుచులో అల్లుళ్ళో దాని మీద సంతకం పెట్టాల్సి వస్తే, కన్నడం చదవగలిగిన సొంత మనిషి చేత మొదటి నుంచి చివరి దాకా చదివించుకుని, ఆ తర్వాతే పెన్ను పట్టుకోవాలి.