విరామంలో పనిచేసే యంత్రం

తాటిచెట్టు మీంచి పడి నడుము విరిగిన గీత కార్మికుడి మంచం పక్కన కూర్చుంటే తెలుస్తుంది, కదలని కాళ్లకంటే ఆయన్ని ఎక్కువ కుంగదీసేది మంచం కోడుకు వేలాడే యూరిన్ బ్యాగు. వెన్నుపాము తెగాక మూత్రాశయం నిండిన కబురు మెదడుకు అందదు, వదలమన్న ఆజ్ఞ కిందికి దిగదు. ఎప్పుడో దానంతటదే ముడుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే కింది ద్వారాన్ని పట్టి ఉంచే కండరమూ బిగుసుకుంటుంది. దారిలేని మూత్రం మూత్రపిండాల వైపు ఎగదన్నుతుంది. ఒకప్పుడు ఇలాంటివారిలో ఎందరో కిడ్నీలు పాడైపోయి చనిపోయేవారు.

లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో పనిచేసిన జైల్స్ బ్రిండ్లీ, 1960లలో ఒక అంధురాలి మెదడు మీద 80 ఎలక్ట్రోడ్లు అమర్చి ఆమెకు వెలుగు చుక్కలు కనిపించేలా చేసిన శాస్త్రవేత్త. తర్వాత ఆయన దృష్టి మూత్రాశయం మీద పడింది. వెన్ను అడుగున నాడీమూలాలు చెక్కుచెదరకుండా ఉంటే, తెగిన చోటును వదిలేసి వాటికే విద్యుత్తు ఇవ్వొచ్చు కదా!

చిక్కల్లా ఆ మూలాల్లోనే ఉంది. మూత్రాశయానికి వెళ్లే పోగులూ, ద్వారాన్ని బిగించే పోగులూ ఒకే కట్టలో ఉంటాయి. పైగా ద్వారానివి లావుపాటివి, తక్కువ కరెంటుకే స్పందిస్తాయి. ఇంటివాణ్ణి పిలవబోతే కాపలావాడు ముందే లేచి గడియ వేసినట్టు.

బ్రిండ్లీ పోగుల్ని విడదీయలేదు, కాలాన్ని విడదీశారు. ద్వారం దగ్గరిది రేఖిత కండరం. కరెంటు ఆగగానే రెప్పపాటులో సడలిపోతుంది. మూత్రాశయం గోడది నునుపు కండరం. నెమ్మదిగా ముడుచుకుని, నెమ్మదిగానే సడలుతుంది. అందుకే కొన్ని సెకన్లు కరెంటు ఇచ్చి ఆపాలి. ద్వారం వదులవుతుంది, మూత్రాశయం ఇంకా పిండుతూనే ఉంటుంది. ఆ విరామంలో ధార వస్తుంది. మళ్లీ కరెంటు, మళ్లీ విరామం. మూత్రం విడతలు విడతలుగా బయటికి వస్తుంది. శరీరం సహజంగా చేసే తీరు ఇది కాదు, అయినా మూత్రాశయం దాదాపు ఖాళీ అవుతుంది. ఇంత సాదాసీదా ఉపాయం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

బబూన్ కోతుల మీద పరీక్షించాక, 1978లో మనిషిలో అమర్చిన పరికరం విజయవంతమైంది. పుస్తకంలో నెమలీక దాచినట్టు నాడీమూలాలను ఎలక్ట్రోడ్ల గాడుల్లో పడుకోబెడతారు. ఆ ఎలక్ట్రోడ్‌ను ‘బుక్’ అనే పిలిచారు. తీగలు చర్మం కింద నుంచి ముందుకు వచ్చి చిన్న రిసీవర్‌కు చేరతాయి. లోపల బ్యాటరీ లేదు. చర్మం మీద ఆనించిన ట్రాన్స్‌మిటర్ నుంచి రేడియో తరంగాల ద్వారానే శక్తి అందుతుంది. మొదటి 500 మంది వివరాలను బ్రిండ్లీ 1994లో ప్రచురించారు. ఈ పరికరానికి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది.

దీనికి ఒక వెల ఉంది. మూత్రాశయం తనంతట తాను ముడుచుకోకుండా, వెనుకవైపు నాడీమూలాలను కోసేయడం 1980లలో జర్మనీ వైద్యుడు సావర్‌వైన్ మొదలుపెట్టారు. లీకేజీ బాగా తగ్గింది, కిడ్నీలకు రక్షణ దొరికింది. కానీ మిగిలి ఉన్న కాస్త స్పర్శ కూడా పోతుంది, మగవారిలో అసంకల్పితంగా వచ్చే అంగస్తంభన కూడా పోతుంది. అందుకే కొందరు వద్దంటారు, పూటపూటా సన్నని పైపుతో ఖాళీ చేసుకోవడానికే మొగ్గు చూపుతారు. అది పిరికితనం కాదు.

సరేనన్నవాళ్లు ట్రాన్స్‌మిటర్‌ను ఒంటికి ఆనించి, మీట నొక్కి, మొదటి విరామం కోసం కొన్ని సెకన్లు ఎదురుచూస్తారు.