మణిగాడి చెప్పుల దొంగతనం

పెరంబూరు బి అండ్ సి మిల్లు 1996లో మూతపడినా మేము ఆ పక్కనే ఉంటిమి. నిరుడు కొడుకు మాధవరంలో మేడమీద ఇల్లు తీసి రమ్మన్నాడు. మా కుక్క మణిగాడికి అక్కడ మనసు నిలవలేదు. ఇరుగుపొరుగు చెప్పులన్నీ ఎత్తుకొచ్చి మంచం కింద దాచేవాడు. “కుక్కను పంపించెయ్యండి” అన్నారు. నేనూ సరే అన్నాను.

మా ఆవిడ ఒప్పుకోలేదు. “మిల్లు మూసినాక సంగు మోగకున్నా ఏడాదిపాటు తెల్లారకుండా లేచి కూర్చొంటిరే! వాడిదీ అదే బాధ” అంది. పాత ఇంట్లో వాడు పడుకొన్న గోనెసంచి వెతికి తెచ్చి మూల పరిచింది. కుక్కకు వాసనే కదా ఇల్లు! మెల్లగా దొంగతనం తగ్గింది.

రేబిస్ సూది వేయించి, కార్పొరేషన్ లైసెన్సు తీసి, గడపగడపకూ చెప్పులు తిరిగిచ్చి వచ్చాను. ఇప్పుడు వాళ్ళే “మణి ఏడి?” అంటారు.

ఇల్లు మారేవాళ్ళు కుక్క పడుకొన్న గోనెను మాత్రం ఉతక్కండి, పారెయ్యకండి.