బక్వాస్: పాలమూరు, నల్లగొండ నోళ్లలో ఒక ఉర్దూ మాట

'బక్వాస్' అంటే పస లేని మాట, పనికిరాని వాగుడు. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో చదువుకున్నవారూ చదువుకోనివారూ వాడే మాట ఇది. హిందీ, ఉర్దూల్లో 'బక్‌నా' అంటే వాగడం; 'బక్వాస్' అందులోంచే పుట్టింది. ఆగకుండా వదరడాన్ని 'బక్‌బక్' అనడమూ దాని చుట్టరికమే. తెలుగులో 'వాగు' నుంచి 'వాగుడు' ఏర్పడిన తీరూ ఇదే. ఉర్దూ మాట కనుక 'బేకార్' లాగే ఇదీ ఫారసీ నుంచి వచ్చిందని ఎవరైనా అనుకోవచ్చు. 'బేకార్' నిజంగానే ఫారసీది: 'బే' అంటే లేని, 'కార్' అంటే పని. 'బక్వాస్' మాత్రం ఈ దేశపు మాటే.

ఈ రెండు జిల్లాలూ 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉన్నాయి. 1884లో ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. పట్టా, దస్తావేజు, జమాబంది వంటి మాటలు కచేరీ కాగితాలతో ఊళ్లకు చేరాయి. 'బక్వాస్' కాగితమెక్కే మాట కాదు. అలాంటివి బజారులో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారి నోటినుంచే తెలుగువారికి అబ్బుతాయి. తర్వాత హిందీ సినిమాలు దాన్ని ఇంకా పాతుకునేలా చేశాయి.

పుస్తకాల తెలుగులో ఉర్దూ మాటలకు చివర 'ఉ'కారమో 'అం' అనేదో చేరుతుంది: జవాబు, బజారు, దుకాణం. తెలంగాణ పలుకుబడిలో అవి జవాబ్, బజార్, దుకాన్. 'బక్వాస్' కూడా ఆ కోవలో హల్లుతోనే నిలిచింది.

దీనికి దగ్గరి మాటలున్నా అర్థాల్లో తేడా ఉంది. 'ఉత్త ముచ్చట'లో కోపం ఉండదు. 'సోది' మొదట జోస్యం. ఇప్పుడు ఎడతెగని విసుగు మాట. 'బక్వాస్' అంటే ఎదుటివాడి మాటను కొట్టిపారేయడమే. పెబ్బేరు వంటి పశువుల అంగట్లో కోడె నాలుగు పండ్లదని అమ్మేవాడు చెబుతాడు. కొనేవాడు దాని నోరు తెరిచి చూస్తే ఎనిమిది పండ్లుంటాయి, అంటే వయసు చెప్పినదానికన్నా ఎక్కువ. అప్పుడు "ఏం బక్వాస్ మాట్లాడుతున్నవ్?" అంటాడు.

మాటకే కాక వస్తువులకూ పనులకూ ఇది విశేషణమవుతుంది: బక్వాస్ సినిమా, బక్వాస్ పని. "బక్వాస్ బంద్ చెయ్" అంటే నోరు మూయమనే. అందుకే ఈడువాళ్ల మధ్య చెల్లే ఈ మాటను పెద్దల ముందు అంటే మర్యాద తప్పినట్టే.