దిబ్బ కాగితేనే గ్లాసు కరుగుతుంది

బండి ఆత్మకూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: ‘2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు బంద్ అన్నారని ఆఫీసులో టీకి కాగితపు గ్లాసులు తెప్పించాం. వాడినవి ఇంట్లో ఎరువు బకెట్లో వేస్తే అరటితొక్కలు మాయమయ్యాయి, గ్లాసులు మాత్రం అట్లనే ఉన్నాయి. మోసమా?’

సగం మోసమే. టీ కాగితంలోకి ఇంకకుండా గ్లాసు లోపల సన్నటి పొర వేస్తారు. చాలావాటిలో అది పాలిథిన్. 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు లెక్కగట్టారు. దాని సంగతి అంతే.

నన్ను పట్టి లాగింది రెండో రకం. మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ పొర. ‘కంపోస్టబుల్’ అని అమ్ముతారు. అదీ బకెట్లో కరగదు! పీఎల్ఏ అణువు పొడవాటి గొలుసు. సూక్ష్మజీవులకు ఆ గొలుసు నోట పట్టదు. ముందు నీళ్లు చొరబడి ముక్కలు చేయాలి. చల్లగా ఉన్నంతసేపు గొలుసులు గాజులా బిగుసుకుని ఉంటాయి. 55-60 డిగ్రీలు తగిలితే సడలుతాయి. ఈ గ్లాసుల్ని పరీక్షించేదీ 58 డిగ్రీల దగ్గరే.

నిప్పు లేకుండా ఆ వేడి ఎక్కడిది? చలికాలం పొద్దున పెంటదిబ్బ కెలికితే పొగలు కక్కుతుంది, చూశారా? కోటానుకోట్ల సూక్ష్మజీవులు తిని ఊపిరి పీలుస్తున్న వేడి అది. మొదటి బ్యాచి 40 డిగ్రీల దాకా కాచి, ఆ సెగకు తానే చస్తుంది. వేడంటే ఇష్టపడేవి వచ్చి 60 దాటిస్తాయి. 70 దాటితే అవీ చేతులెత్తేస్తాయి. ఇది ప్రాణుల పనంటే ఒకప్పుడు పెద్దలే నమ్మలేదు. కుళ్లడంలో, పులియడంలో ప్రాణుల పాత్ర లేదని, అంతా రసాయన చర్యేనని వాదించినవాడు లీబిగ్ అంతటి మహా రసాయనవేత్త! 1839లో తోటి రసాయనవేత్త వోలర్‌తో కలిసి, ఈస్టు చక్కెర తిని సారాయి విసర్జించే బుల్లి జంతువని వెక్కిరిస్తూ పేరు లేకుండా ఒక వ్యాసం కూడా అచ్చేయించాడు. జంతువు కాదు గానీ, మిగతాదంతా నిజమేనని తర్వాత పాశ్చర్ తేల్చాడు.

బకెట్ ఎందుకు కాగదంటే, చిన్నది కనుక. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపైతే వేడి పుట్టే సరుకు 8 రెట్లు, వేడి జారిపోయే పైభాగం 4 రెట్లే. ఎటు చూసినా మీటరుండాలి. ఉత్త వరిగడ్డీ కాగదు, నత్రజని చాలదు. పేడ కలపాలి, తడపాలి, గాలికి తిరగేయాలి. 1931లో వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ ఇండోర్ పద్ధతి పేరుతో ప్రపంచానికి చెప్పింది ఇదే.

ఆఫీసులో స్టీలు గ్లాసులు పెట్టొచ్చు కదా అంటారా? కడిగేదెవరన్న ప్రశ్న దగ్గరే ప్రతి ఆఫీసులోనూ పర్యావరణం ఆగిపోతోంది. దానికి సైన్సులో మందు లేదు.

మీది వరి పండే సీమ, గడ్డికి కొదవ లేదు. ఆ గ్లాసొకటి కాగిన దిబ్బ నడుమ పాతండి. మూడు నెలలాగి తవ్వండి. కాగితం పోయి పల్చటి తోలు మిగిలితే అది పాలిథిన్. ఏం తేలిందో ఉత్తరం రాయండి.