చుక్కలో కలవని బొమ్మ

బళ్లో మా డ్రాయింగ్ మాస్టారు రైలు పట్టాలు గీయించేవారు. దూరం పోయేకొద్దీ దగ్గరవుతూ చివరికి రెండూ ఒకే చుక్కలో కలవాలి. కలవకపోతే తప్పే! ఆ లెక్కన జపాన్ పాత బొమ్మలన్నీ తప్పులే అనుకునేవాణ్ణి.

15వ శతాబ్దంలో ఇటలీవాళ్లు కట్టిన ఈ లెక్క, చైనా అచ్చుబొమ్మల ద్వారా, నాగసాకిలో దిగిన డచ్చి వర్తకుల పుస్తకాల ద్వారా జపాన్ చేరింది. 1740ల్లో ఒకుమురా మసానొబు ఆ పద్ధతిలో నాటకశాలలు గీశాడు. దూలాలు, స్తంభాలు, జనం, అన్నీ లోపలికి పరుగెడుతున్నట్టుంటాయి. వీటికి ‘ఉకియె’ అని పేరు, అంటే తేలే బొమ్మలు. తమాషా ఏంటంటే, కొత్త లెక్క గది లోపలికే. తలుపులోంచి తోట కనబడిందా, అది పాత పద్ధతిలోనే ఉంటుంది!

నూరేళ్ల తర్వాత వచ్చిన హిరోషిగేకి రెండూ చేతనవును. 1856లో ఎడో నగరంలోని నాటకాల వీధిని వెన్నెల నీడలతో సహా చుక్కలో కలిసేలా వేశాడు. మరుసటి ఏడే, కమెయిదో తోటలో ఒక ప్లమ్ కొమ్మని మన కళ్లకి అడ్డంగా పెట్టేశాడు. వెనక ఎర్రటి ఆకాశం. చుక్కా లేదు, గీతలూ లేవు.

1887లో పారిస్‌లో వాన్ గో కూర్చుని నకలు తీసుకున్నది ఆ కొమ్మనే. మా మాస్టారైతే ఇద్దరికీ సున్నాలే వేసేవారు.